బీ-ఫారం ఇచ్చే పెద్దలకు ఇల్లెందు ఓటరు రాస్తున్న బహిరంగ లేఖ

తెలంగాణలోని అన్ని పార్టీల రాష్ట్ర అధ్యక్షులకు, టికెట్ల కమిటీల్లో కూర్చుని బీ-ఫారాలు, అంటే ఫలానా వాళ్ళే మా పార్టీ అభ్యర్థి అని రాసిచ్చే కాగితాలు, పంచే పెద్దలకు నమస్కారం.

మాది ఇల్లెందు నియోజకవర్గం. ఎస్టీలకు రిజర్వ్ అయిన సీటు. ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా మీ సర్వే టీములు మా ఊళ్ళకు వచ్చి పోతుంటాయి. కాబట్టి ఏ మండలంలో కోయల ఓట్లెన్ని, లంబాడాల ఓట్లెన్ని, సింగరేణి కార్మికుల కుటుంబాలెన్ని అన్న లెక్కలు మీ దగ్గర ఉండే ఉంటాయి. ఆ లెక్కల్లో దొరకని సంగతి ఒకటి చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2014లో మా దగ్గర కాంగ్రెస్ గెలిచింది. అభ్యర్థి కోరం కనకయ్య. ఓడిపోయిన వాళ్ళలో టీడీపీ అభ్యర్థి బానోత్ హరిప్రియ ఉన్నారు. గెలిచిన కనకయ్య గారు టీఆర్ఎస్‌లోకి వెళ్ళిపోయారు. 2018 వచ్చింది. మేం మళ్ళీ కాంగ్రెస్‌నే గెలిపించాం. ఈసారి కాంగ్రెస్ అభ్యర్థి హరిప్రియ, ఆమె చేతిలో ఓడిన టీఆర్ఎస్ అభ్యర్థి కనకయ్య. ఏడాది కూడా తిరక్కముందే హరిప్రియ గారు కూడా టీఆర్ఎస్‌కే వెళ్ళిపోయారు. 2023లో మేం మూడోసారి కాంగ్రెస్‌ను గెలిపించాం. అభ్యర్థి మళ్ళీ కనకయ్య. ఓడిపోయింది బీఆర్ఎస్ తరఫున నిలబడ్డ హరిప్రియ. ఈసారి ప్రభుత్వమే చెయ్యి గుర్తుది కాబట్టి మా ఎమ్మెల్యే ఎటూ పోవాల్సిన పని పడలేదు.

ఇది చదివిన బయటి ఊరివాళ్ళకు ఒకటికి రెండుసార్లు చదివితే గానీ ఎవరు ఏ పార్టీలో ఉన్నారో అంతుపట్టదు. మాకూ అంతే. మూడు ఎన్నికల్లో మేం మార్చకుండా పట్టుకున్నది గుర్తును. మీరు మార్చకుండా పట్టుకున్నది ఆ ఇద్దరు మనుషుల్ని. ఆ రెండూ ఒకచోట నిలవలేదు.

ముందే ఒక మాట చెప్పాలి. ఆ ఇద్దరి మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇద్దరూ మా మధ్య తిరిగే మనుషులే, ఎదురుపడితే పలకరించే వాళ్ళే. పార్టీ మారడం వాళ్ళు కనిపెట్టిన విద్య కూడా కాదు. మారిన వాళ్ళకు కండువా కప్పింది ఎవరు? మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి వాళ్ళ చేతికే బీ-ఫారం ఇచ్చింది ఎవరు? నా ఫిర్యాదు వాళ్ళ మీద.

ఇది ఒక్క ఇల్లెందు సంగతే అయితే మా ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణి. మా పక్కనే ఉన్న పినపాక చూడండి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున పాయం వెంకటేశ్వర్లు గెలిచి టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో ఆయన్ని ఓడించి కాంగ్రెస్ తరఫున రేగా కాంతారావు గెలిచారు, ఆయనా టీఆర్ఎస్‌లోనే చేరారు. 2023లో పాయం గారు కాంగ్రెస్ తరఫున వచ్చి రేగా గారిని ఓడించారు. పేర్లు మారిస్తే అచ్చం మా కథే.

పాత ఖమ్మం జిల్లా మొత్తంగా చూస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. పది అసెంబ్లీ సీట్లు. 2018లో రాష్ట్రమంతా టీఆర్ఎస్ గాలి వీస్తే ఇక్కడ ఆ పార్టీకి దక్కింది ఒక్క ఖమ్మం సీటు. అయిదేళ్ళు పూర్తయ్యేసరికి టీఆర్ఎస్‌లో లేని ఎమ్మెల్యేలు ఇద్దరే మిగిలారు, మధిరలో భట్టి విక్రమార్క, భద్రాచలంలో పొదెం వీరయ్య. కాంగ్రెస్ నుంచి గెలిచిన నలుగురు, టీడీపీ నుంచి గెలిచిన ఇద్దరు, వైరాలో స్వతంత్రంగా గెలిచిన ఒకాయన, అంతా అటే చేరారు. అంటే ఓట్లు లెక్కపెట్టిన రోజు పదిలో ఒకటి, చివరికి పదిలో ఎనిమిది. ఆ ఏడు సీట్లలో మా తీర్పును మీరే తిరగరాశారు.

2023లో ఇంకోలా తిరిగింది. ఈసారి జిల్లాలో బీఆర్ఎస్‌కు దక్కిన ఒకే ఒక్క సీటు భద్రాచలం. అక్కడ గెలిచిన తెల్లం వెంకట్రావు 2024లో కాంగ్రెస్‌లోకి వెళ్ళారు. దాంతో ఆ లెక్క సున్నా అయింది. ఇప్పుడు ఫిరాయింపుల గురించి బీఆర్ఎస్ పెద్దలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. తిరగాల్సిందే, తప్పులేదు. 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది వాళ్ళ పిటిషన్ల మీదే. కానీ 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన పద్దెనిమిది మందిలో పన్నెండు మందిని ఒకేసారి విలీనం చేసుకున్నప్పుడు ఈ న్యాయం ఎటు పోయిందని మేం అడిగితే వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. ఆ పన్నెండు మందిలో మా ఎమ్మెల్యే కూడా ఉన్నారు. అలాగే అప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని ధర్నాలు చేసిన కాంగ్రెస్ వాళ్ళు 2024లో పది మందికి కండువాలు కప్పారు. అందులో ఒకరు బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ గుర్తు మీద సికింద్రాబాద్ ఎంపీగా పోటీ చేశారు.

"ప్రజలే బుద్ధి చెబుతారు" అన్నది మీరు తరచూ చెప్పే మాట. నిజమే, చెప్పాం. 2018 తర్వాత కాంగ్రెస్, టీడీపీల నుంచి దూకిన మా జిల్లా ఎమ్మెల్యేలు ఆరుగురూ 2023లో బీఆర్ఎస్ అభ్యర్థులుగా నిలబడి ఓడిపోయారు. ఒక్కరు కూడా బయటపడలేదు. ఇంతకంటే స్పష్టంగా ఏ జిల్లా చెప్పింది? కానీ ఆ బుద్ధి చెప్పడానికి మా చేతికి మీరిచ్చిన ఆయుధమేమిటో చూడండి. ఇల్లెందులోనూ పినపాకలోనూ ఫిరాయించిన వాళ్ళను ఓడించాలంటే అంతకుముందు ఫిరాయించిన వాళ్ళకు ఓటెయ్యాల్సి వచ్చింది. బ్యాలెట్ మీద పేర్లు చాలానే ఉంటాయి, ఒప్పుకుంటాను. గెలిచే సత్తా ఉన్న రెండు పేర్లూ మాత్రం మీరు పంపినవే. ఇంకో మాట కూడా చెప్పాలి. పార్టీ మారకుండా నిలబడ్డ ఇద్దరిలో పొదెం వీరయ్య అదే ఎన్నికలో భద్రాచలంలో ఓడిపోయారు. అక్కడి ఓటర్ల కారణాలు వాళ్ళకుంటాయి. మారనందుకు ఓట్లేమీ ఎక్కువ పడవని మీ సర్వేలవాళ్ళు ఈ ఉదాహరణ చూపించే ఉంటారు.

ఇప్పుడు మా నియోజకవర్గం గురించి మీరు మరిచిపోయిన ముప్ఫై ఏళ్ళ కథ చెబుతాను.

గుమ్మడి నర్సయ్య గారి ఫొటోలు మీరూ షేర్ చేసే ఉంటారు. సైకిల్ మీద వెళ్తున్న మాజీ ఎమ్మెల్యే, బస్సులో కూర్చున్న మాజీ ఎమ్మెల్యే, పొలంలో పనిచేస్తున్న మాజీ ఎమ్మెల్యే. 2025లో ముఖ్యమంత్రిని కలవడానికి వచ్చి ఇంటి గేటు బయట రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూసిన వీడియో కూడా అందరూ చూశారు. పెద్ద రగడే అయింది. ఆ తర్వాత ముఖ్యమంత్రి ఆయన్ని కలిశారు. అన్ని పార్టీల వాళ్ళూ అయ్యో అన్నారు. ఆయన నిరాడంబరత గురించి రాసిన వాళ్ళకు లెక్కే లేదు. నాకైతే ఆ సైకిల్ కంటే ఆయన ఎన్నికల లెక్క ముఖ్యం అనిపిస్తుంది. దాని గురించి ఎవరూ రాయరు.

ఆయన గెలిచింది 1983, 1985, 1989, 1999, 2004లో. ఆ సంవత్సరాలను మీ పార్టీల చరిత్రతో పక్కపక్కన పెట్టి చూడండి. 1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ ప్రభంజనం. కొత్త పార్టీ, పసుపు జెండా, చైతన్య రథం. ఆ గాలిలో ఇల్లెందు ఒక కోయ యువకుణ్ణి స్వతంత్రుడిగా గెలిపించింది. 1985 మధ్యంతరంలో మళ్ళీ ఎన్టీఆరే గెలిచారు, ఇల్లెందులో మళ్ళీ నర్సయ్యే. 1989లో గాలి మళ్ళి కాంగ్రెస్ వచ్చింది, ఇల్లెందు మారలేదు. 1999లో చంద్రబాబు గెలిచారు, 2004లో వైఎస్ గెలిచారు, రెండుసార్లూ ఇల్లెందులో నర్సయ్యే. అయిదు గెలుపుల్లో ఒక్కసారి కూడా ఆయన పార్టీ అధికారంలో లేదు, వచ్చే ఆశా లేదు. ఆయనది సీపీఐ ఎంఎల్ పార్టీ, తర్వాత న్యూడెమోక్రసీ అన్న పేరుతో నడిచిన వర్గం. దానికి ఎన్నికల సంఘం గుర్తింపు లేదు కాబట్టి రికార్డుల్లో ఆయన స్వతంత్ర అభ్యర్థి.

స్వతంత్ర అభ్యర్థి అంటే ఏమిటో మీకు గుర్తు చేయాలి, ఎందుకంటే బీ-ఫారం ఉన్నవాళ్ళకు ఆ తిప్పలు తెలియవు. మీ అభ్యర్థి నామినేషన్ వేయడానికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇప్పటి నిబంధనల్లో స్వతంత్రుడికి పదిమంది కావాలి. మీ గుర్తు పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. స్వతంత్రుడికి నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక గానీ ఏ గుర్తు వస్తుందో తెలియదు. పోలింగ్‌కు అప్పటికి మిగిలేది రెండు మూడు వారాలు. ఆ కాస్త సమయంలో అడవిలో చదువు రాని అవ్వకు ఆ గుర్తేదో చూపించి, గుర్తుపెట్టుకునేలా చెప్పి రావాలి. అయిదుసార్లు అది చేయగలిగారంటే అది ఒక్క మనిషి గొప్పతనం వల్ల అయ్యే పని కాదు. పోడు భూముల మీద ఫారెస్టోళ్ళతో కొట్లాటలు, తునికాకు కట్టకు రేటు పెంచమని పోరాటాలు, ఊరూరా సంఘాలు, ఇవన్నీ నామినేషన్‌కు చాలా ఏళ్ళ ముందే మొదలయ్యాయి. నర్సయ్య ఎవరో చెప్పడానికి ఎవరూ రావాల్సిన పని లేకపోయింది. గుర్తేదో చెబితే సరిపోయింది.

ఆయన సీటు చేజారిన రెండు ఎన్నికలు కూడా చూడాలి. 1994లోనూ 2009లోనూ ఆయన స్థానంలో గెలిచిన వ్యక్తి ఒక్కరే, ఊకె అబ్బయ్య. మొదటిసారి సీపీఐ తరఫున, ఎన్టీఆర్‌తో కమ్యూనిస్టుల పొత్తు ఉన్నప్పుడు. రెండోసారి టీడీపీ తరఫున, మహాకూటమి కట్టినప్పుడు. 1994లో ఓడాక నర్సయ్య ఇంకో జెండా వెతుక్కోలేదు. అయిదేళ్ళు ఆగి 1999లో మళ్ళీ గెలిచారు. ఎమ్మెల్యే పదవి లేని ఆ అయిదేళ్ళూ ఆయన ఏ కండువా కప్పుకున్నారో ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

2009 తర్వాత ఆయన మళ్ళీ గెలవలేదు. ఎందుకు అన్నదానికి మా దగ్గర నాలుగు రకాల జవాబులు చెబుతారు. పునర్విభజనతో హద్దులు మారాయని కొందరంటారు. ఆ పార్టీకి గట్టి పట్టున్న గుండాల ఇప్పుడు పినపాకలో ఉంది, కారేపల్లి వైరాలో ఉంది. డబ్బు పారడం మొదలయ్యాక చందాల మీద నడిచే పార్టీ నిలబడలేకపోయిందని కొందరంటారు. తెలంగాణ ఉద్యమం వచ్చాక మిగతా ప్రశ్నలన్నీ పక్కకు పోయాయని ఇంకొందరు. నాకు తోచిన నాలుగో కారణం న్యూడెమోక్రసీ పెద్దలకు నచ్చకపోవచ్చు. మీరూ 2013లో చీలిపోయారు. ఏ వర్గం ఏదో చెప్పుకోవడానికే సభలు పెట్టుకునే స్థితి వచ్చాక ఊళ్ళల్లో జనం పక్కకు జరిగారు.

ఆయన గెలిచిన కాలాన్ని స్వర్ణయుగం చేసి చెప్పను. అడవిలో దళాల ప్రభావంతోనే ఆ ఓట్లు పడ్డాయని ప్రత్యర్థులు అనేవాళ్ళు. అభ్యర్థిని ఎంచింది కూడా పార్టీ కమిటీనే తప్ప మా గ్రామసభలేమీ కాదు. ప్రతిపక్షంలో ఒంటరిగా ఉన్న ఎమ్మెల్యే రోడ్లు, నిధులు తేలేడన్న అసంతృప్తి అప్పుడూ ఉండేది. అవన్నీ ఒప్పుకున్నా ఒక సంగతి మిగులుతుంది. 1983లోనో 2004లోనో ఓటేసిన మనిషికి తన ఓటు ఎటు పోయిందో చివరి రోజు వరకూ తెలుసు.

ఎర్రజెండా అయితే చాలు అనుకునే వాళ్ళకు ఇంకో ఉదాహరణ. 2014లో తెలంగాణ అసెంబ్లీకి సీపీఐ నుంచి ఒక్కరు, సీపీఎం నుంచి ఒక్కరు వచ్చారు. సీపీఐ తరఫున దేవరకొండలో గెలిచిన రమావత్ రవీంద్రకుమార్ టీఆర్ఎస్‌లో చేరారు. సీపీఎం తరఫున భద్రాచలంలో గెలిచిన సున్నం రాజయ్య అయిదేళ్ళూ ఒంటరిగా తన సీట్లోనే కూర్చున్నారు. ఇద్దరిదీ ఎస్టీ రిజర్వుడు సీటే, ఇద్దరూ కమ్యూనిస్టు పార్టీల టికెట్ మీదే వచ్చారు. కాబట్టి ఇది సిద్ధాంతంతో తేలే విషయం కాదు. టికెట్ ఇచ్చే ముందు ఎవరిని, ఏం చూసి ఎంచుకున్నారన్నదే అసలు విషయం. సీపీఐ పెద్దలు కూడా ఈ ఉత్తరం తమకు కాదనుకోవద్దు.

చట్టంలో ఉన్న ఒక తమాషా చూడండి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చి పదో షెడ్యూల్ పెట్టినప్పుడు, స్వతంత్రుడిగా గెలిచిన వాళ్ళు ఏ పార్టీలో చేరినా పదవి పోతుందని రాశారు. అంటే నర్సయ్య గారు ఆ తర్వాత ఎప్పుడైనా మీలో ఎవరి కండువా కప్పుకున్నా చట్టం ప్రకారం ఎమ్మెల్యేగిరీ ఊడిపోయేది. పార్టీ టికెట్ మీద గెలిచిన వాళ్ళకు మాత్రం విలీనం అన్న దారి వదిలారు. మొదట్లో మూడో వంతు మంది కలిసి చీలితే చాలనేవారు. 2003 సవరణతో అది తీసేసి, మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనమయ్యే దారి ఒక్కటే మిగిల్చారు. దాంతో ఒకరూ ఇద్దరూ కాకుండా గుంపుగా దూకడం మొదలైంది. ఏ గుర్తింపూ లేని ఒంటరివాడికి గట్టి తాళం, పెద్ద పార్టీల వాళ్ళకు పెరటి గుమ్మం. ఆ తాళం కూడా ఎంత గట్టిదో, 2018లో స్వతంత్రుడిగా గెలిచి టీఆర్ఎస్‌లో చేరిన వైరా ఎమ్మెల్యే సంగతి చూస్తే తెలుస్తుంది. ఇక పిటిషన్ వేస్తే తేల్చాల్సింది స్పీకర్. ఆయన ఏ పార్టీ నుంచి గెలిచి వస్తారో మీకు చెప్పాలా?

"నియోజకవర్గ అభివృద్ధి కోసమే పార్టీ మారుతున్నాను." ఈ వాక్యం మా దగ్గర చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. దాన్ని కాస్త పరీక్షించి చూద్దాం. 2014 నుంచి 2023 దాకా మధ్యలో కొద్ది నెలలు తప్ప ఇల్లెందు ఎమ్మెల్యే అధికార పార్టీలోనే ఉన్నారు. ఆ కాలంలోనే, 2016 అక్టోబర్‌లో, కొత్త జిల్లాలు చేశారు. మా నియోజకవర్గంలో అయిదు మండలాలు. ఇల్లెందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు పోయాయి. కామేపల్లి ఖమ్మంలో ఉండిపోయింది. గార్ల, బయ్యారం మహబూబాబాద్‌కు వెళ్ళాయి. ఒక్క ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు. ఒక రోడ్డు పని మీద తిరగాలన్నా హద్దు ఎక్కడ దాటిందో చూసుకోవాలి. అధికార పార్టీలో ఉండి ఆపలేకపోయారా, ఆపాలనుకోలేదా అన్నది మాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

బయ్యారం ఉక్కు గురించి నేను చెప్పకపోతే మా వాళ్ళు ఊరుకోరు. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. ఖనిజంలో ఇనుము శాతం చాలదని ఢిల్లీ అంటుంది, మీరు పెట్టకపోతే మేమే పెడతామని ఒకప్పుడు హైదరాబాద్ అంది. ఇది ఎమ్మెల్యే ఒక్కరి చేతిలో ఉన్న పని కాదని నాకూ తెలుసు. అందుకే, ఎమ్మెల్యే పార్టీ మారినంత మాత్రాన కదిలే పని కూడా కాదు. పోడు పట్టాలు 2023 జూన్ చివర్లో పంచడం మొదలుపెట్టారు. అప్పటికి ఎన్నికలు అయిదు నెలల దూరంలో ఉన్నాయి. అవి రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాలన్నిటికీ వచ్చాయి, ఎమ్మెల్యే పార్టీ మారిన చోటా మారని చోటా.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? చట్టాలు మార్చమని అడగను. అది మీ చేతిలో ఉన్నా చెయ్యరు. మీ చేతిలోనే ఉండి, రేపే చెయ్యగలిగింది ఒకటి అడుగుతాను.

క్రిమినల్ కేసులున్న వాళ్ళను అభ్యర్థిగా ఎంచుకుంటే ఎందుకు ఎంచుకున్నారో కారణం రాసి ప్రకటించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పార్టీలను ఆదేశించింది. కేసులు లేనివాళ్ళు ఎందుకు దొరకలేదో కూడా చెప్పమంది. గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే అది కారణం కింద చెల్లదని కూడా చెప్పింది. మీ పార్టీల ఆఫీసుల్లో ఇప్పుడు ఆ ఫారాలు నింపడానికి మనుషులున్నారు. అదే పద్ధతిని గెలిచాక పార్టీ మారిన చరిత్ర ఉన్న వాళ్ళకు కూడా మీ అంతట మీరే పాటించండి. అభ్యర్థి ఏ సంవత్సరంలో ఏ గుర్తు మీద గెలిచారు, ఎప్పుడు ఎటు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, అంతకాలంగా మీ జెండా మోసిన స్థానిక కార్యకర్తను కాదని ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారు. ఇది కోర్టు చెప్పక్కర్లేదు. స్పీకర్ తేల్చక్కర్లేదు. ఒక కాగితం, కింద మీ సంతకం. ఆ కాగితాన్ని మండల కేంద్రాల్లో మీ పార్టీ ఆఫీసు గోడకు అంటించండి.

నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటికి కాస్త ముందు బీ-ఫారం ఇచ్చే అలవాటు మానుకోమని కూడా అడగాలని ఉంది. రెబల్స్ బెడద వల్లే అలా చేస్తామని మీరంటారు. రెబల్స్‌ను బుజ్జగించడానికి పడే శ్రమలో సగం మాతో మాట్లాడటానికి పెట్టి చూడండి. ఆశావహులు ఎవరెవరో ఆరు నెలల ముందు చెప్పేస్తే ఏమవుతుంది? బయ్యారంలో ఒక రోజు, గార్లలో ఒక రోజు సభ పెట్టి వాళ్ళను కూర్చోబెట్టండి. అడగాల్సినవి మేం అడుగుతాం. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. మనిషిని చూసే ఓటేస్తాం. డబ్బు అక్కడా నడుస్తుంది, కాదనను. కానీ గెలిచిన సర్పంచ్ పొద్దున లేస్తే మా వాకిట్లోంచే నడిచి వెళ్ళాలి. ఎమ్మెల్యే విషయంలో మాత్రం మాకు మనిషి కూడా దక్కడు, పార్టీ కూడా దక్కదు.

పార్టీ మారాలనుకున్న వాళ్ళు రాజీనామా చేసి వచ్చాకే కండువా కప్పుతామని ఎవరో ఒకరు ప్రకటించినా బాగుండు. అది కుదరని పనేమీ కాదు. ఈటల రాజేందర్ 2021లో రాజీనామా చేసి హుజూరాబాద్‌లో బీజేపీ తరఫున మళ్ళీ నిలబడి గెలిచారు. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2022లో రాజీనామా చేసి మునుగోడులో నిలబడి ఓడిపోయారు. ఆ ఉప ఎన్నికల్లో డబ్బు పారిన తీరు వేరే ఉత్తరానికి సరిపోతుంది, ఉప ఎన్నిక ఒక్కటే మందు అని నేను అనను. ఓటరును రెండోసారి అడిగారు, అంతవరకు మంచిదే. ఇక్కడ బీజేపీ పెద్దలు మురిసిపోనక్కర్లేదు, వేరే రాష్ట్రాల్లో మీరు కప్పిన కండువాల లెక్క మాకూ తెలుసు.

వచ్చే అసెంబ్లీ ఎన్నికలు మామూలుగా అయితే 2028లో. ఈలోగా నియోజకవర్గాల హద్దులు మారవచ్చు, మారకపోవచ్చు. మహిళలకు రిజర్వ్ అయ్యే సీట్లు ఏవో తేలవచ్చు, తేలకపోవచ్చు. మీ సర్వే టీములు మాత్రం తప్పకుండా వస్తాయి. వాళ్ళ దగ్గరుండే ఫారంలో ఒక ప్రశ్న కలపమని చెప్పండి. "మీరు కిందటిసారి ఓటేసిన పార్టీలోనే మీ ఎమ్మెల్యే ఇప్పటికీ ఉన్నారా? లేకపోతే మిమ్మల్ని ఎవరైనా అడిగారా?" మా టేకులపల్లి సెంటర్‌లో ఈ ప్రశ్న అడిగితే వచ్చే జవాబులు రాసుకోవడానికి వాళ్ళకు ఇంకో పుస్తకం కావాలి.

పైన చెప్పిన కాగితం సంగతి మీలో ఏ పార్టీ ముందుగా ఒప్పుకుంటుందో చెబితే, ఆ పార్టీకి ఓటేస్తానని మాటివ్వలేను గానీ, ఆ పార్టీ మీటింగ్‌కు మా వీధి వాళ్ళను ఖర్చు లేకుండా తీసుకొస్తాను. బిర్యానీ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఇల్లెందు నియోజకవర్గ ఓటరు,
టేకులపల్లి మండలం,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా